అరికాళ్ల మంటలు - ఆహారము



అరికాళ్లు మండుచున్నవనియు, వ్రేళ్లు తిమ్మిరి యెక్కుచున్నవనియు, రాత్రులు నిద్ర పట్టదనియు వయసు మీఱినవారు చెప్పుకొనుట మనమందఱము వినుచున్నదే. దానికి వాతమని పేరుపెట్టి యొకరు తైలమును, ఒకరు చూర్ణమును చెప్పుదురు. ఈ బాధకు ఆహారము ఎంతవఱకు మందు కాగలదో, దాని శక్తి ఎచ్చట ఆగిపోవునో నేడు మనవి చేయదలచితిని.

నరములకును ఆహారము కావలయును. ఈ సంగతిని లోకమునకు తెలిపినది బియ్యమే. 1890 ప్రాంతమున జావా ద్వీపములో ఐక్మన్ అను డచ్చి వైద్యుడు, పాలిషు బియ్యము తిన్న కోళ్ల కాళ్లు చచ్చుబడుటను, తవుడుతో కూడిన బియ్యము పెట్టగా అవి తేరుకొనుటను చూచెను. ఆయనకు 1929లో నోబెల్ బహుమానము వచ్చినది. మనుష్యులలో అట్టి జబ్బే బెరిబెరి. మన ఉత్తర సర్కారు జిల్లాలలో ఒకప్పుడది మిక్కుటముగా నుండెడిది. ఆ వ్యాధిని విచారించుటకు 1918లో కూనూరున ఒక్క గదిలో మెకారిసన్ అను వైద్యుడు నెలకొల్పిన శాఖయే పెరిగి, 1958లో హైదరాబాదు చేరి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది.

తవుడులోని ఆ పదార్థము బి1 విటమిను. దంపుడు బియ్యము, ఉప్పుడు బియ్యము, పప్పులు, వేరుసెనగలు దానికి నిలయములు. బియ్యమును పలుమార్లు కడిగి, గంజి వార్చి పాఱబోసినచో అది చాలవఱకు నీటితో పోవును.

రెండవది బి12. ఇది ధాన్యములలోను, కూరగాయలలోను లేదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములలో కలదు. కావున శాకాహారులు పాలు, పెరుగు మానరాదు. ముసలితనమున దానిని గ్రహించు శక్తి కడుపునకు తగ్గును. మధుమేహమునకు చిరకాలము మెట్ఫార్మిన్ బిళ్లలు మ్రింగువారికిని బి12 తగ్గవచ్చును. వారు ఆ బిళ్లలను తమంత తాము మానరాదు. వైద్యుని యడిగి బి12ను బిళ్లగానో సూదిమందుగానో పుచ్చుకొనవలెను.

అయితే మంటలన్నియు విటమిను లోపమున రావు. మధుమేహము, మద్యపానము, కుష్ఠు, వెన్నెముకలో నరము నలుగుట - ఇవియు కారణములే. పసుపు, మెంతులు, మునగాకు వంటకములలో మంచివే. అవి చెడిన నరమును బాగుచేయునని నమ్మి నెలలు గడుపుట మాత్రము తగదు. బి12 లోపమును ఆలస్యముగా కనుగొన్నచో నరములకు తగిలిన దెబ్బ శాశ్వతముగా మిగిలిపోవచ్చును. స్పర్శ లేని పాదమునకు ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. పుండు ముదిరినచో కాలు తీసివేయవలసి వచ్చును.

బలము కదా యని బిళ్లలను మితిమీఱి మ్రింగుటయు ప్రమాదమే. బి6 విటమినును అధికముగా చాలకాలము తిన్నచో అదియే తిమ్మిరిని తెచ్చును. ఊరు పేరు లేని నొప్పుల పొడులలో స్టిరాయిడు మందులు కలుపుటయు కలదు.

కాన నా మనవి యిది. తిమ్మిరి కనబడిన వెంటనే రక్తములో చక్కెరయు, బి12యు పరీక్ష చేయించుకొనుడు. ప్రతి రాత్రియు పాదములను దీపమువద్ద చూచుకొనుడు. తవుడు పూర్తిగా పోని బియ్యమును, పప్పును, పెరుగును విడువకుడు. ఈ మూడింటిని మీ యిండ్లలో మొదలుపెట్టినచో, ఊరివారు మిమ్ము చూచి నేర్చుకొందురు.