వస్తువుకు రూపమిచ్చే విద్య

కృష్ణా డెల్టాలో పైరుకు పురుగుమందు కొట్టే మనిషి వీపున పంపు తగిలించుకొని గట్ల వెంట నడవడం మనమందరం చూసే దృశ్యమే. ఆ తొట్టిలో సుమారు 16 లీటర్ల మందునీరు పడుతుంది. అంటే నీటి బరువే 16 కిలోలు. పంపు బరువు దానికి అదనం. కాలు బురదలో దిగబడుతూ ఉంటుంది. పట్టీ భుజాన్ని ఒరుసుకుంటూ ఉంటుంది. ఒక చేత మీట ఆడించాలి, రెండవ చేత గొట్టం తిప్పాలి. యంత్రశాస్త్రం దృష్ట్యా ఆ పంపులో లోపమేమీ లేదు. నీరు వస్తున్నది, తుంపర పడుతున్నది. అయినా సాయంకాలానికి ఆ మనిషికి నడుము నిలవదు. మరి లోపం ఎక్కడ ఉన్నది? మోసే మనిషినీ, అతడు నడిచే నేలనూ లెక్కలోకి తీసుకొని ఆ వస్తువుకు రూపం కల్పించకపోవడంలో ఉన్నది. ఆ లెక్క నేర్పే చదువుకు ఇండస్ట్రియల్ డిజైన్ అని పేరు. తెలుగులో పారిశ్రామిక రూపకల్పన అనవచ్చు.

డిజైన్ అనగానే మనలో చాలామందికి చీర అంచు మీది లతలు, గోడ మీది రంగులు స్ఫురిస్తాయి. అలంకారం ఆ విద్యలో ఒక భాగమే గాని సర్వస్వం కాదు. ఇంజనీరు యంత్రం పని చేసేటట్లు చూస్తాడు. రూపకర్త ఆ యంత్రం మనిషి చేతికి ఒదిగేటట్లు, సులభంగా శుభ్రపడేటట్లు, తక్కువ ఖర్చుతో వేల సంఖ్యలో తయారయ్యేటట్లు చూస్తాడు. ఇద్దరి పనీ ఒకచోట కలిస్తేనే వస్తువు ఇంటికి ఉపకరిస్తుంది.

ఈ విద్య మన దేశానికి వచ్చిన తీరు తెలుసుకోదగినది. భారత ప్రభుత్వం ఆహ్వానించగా అమెరికన్ రూపకర్తలు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు ఇక్కడ పర్యటించి 1958లో ఒక నివేదిక సమర్పించారు. అందులో వారు మెచ్చుకొన్న వస్తువు ఏ రాజభవనంలోదో కాదు, మన ఇళ్లలోని చెంబు. ఎంత నీరు పట్టాలి, నిండినప్పుడు బరువు ఎక్కడ నిలవాలి, చంకన ఎట్లా ఇమడాలి, వంచితే ధార ఎట్లా రావాలి, లోపల చేయిపెట్టి తోమడానికి వీలున్నదా, ఎంత ఖరీదు అవుతుంది—ఇన్ని ప్రశ్నలకు తరతరాల అనుభవం ఇచ్చిన సమాధానమే ఆ ఆకారమని వారి భావం. ఆ నివేదిక ప్రేరణతోనే 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది.

అటువంటి సంస్థలు మరికొన్ని కావాలని 2007 నాటి జాతీయ డిజైన్ విధానం సంకల్పించింది. తత్ఫలితంగా 2015లో మన ప్రాంతానికి కూడా జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. మొదట ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఆవరణలో తరగతులు నడిచాయి. శాశ్వత ప్రాంగణానికి కృష్ణకు ఆవలి ఒడ్డున, అమరావతి ప్రాంతంలోని శాఖమూరును ఎంపిక చేశారు. ఆరంభంలో ఇక్కడ డిప్లొమా మాత్రమే ఇచ్చేవారు. 2019లో పార్లమెంటు చట్టాన్ని సవరించి దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించిన తరువాత పట్టం ఇచ్చే అధికారం లభించింది. ఆ పట్టానికి బ్యాచిలర్ ఆఫ్ డిజైన్, క్లుప్తంగా బి.డెస్. అని పేరు.

ఇందులో చేరడానికి అర్హత ఏమిటి? ఇంటర్మీడియెట్టు లేదా దానికి సమానమైన పరీక్షలో ఉత్తీర్ణత. గణితమే చదివి ఉండాలన్న నియమం లేదు. సైన్సు, కామర్సు, ఆర్ట్సు—ఏ శాఖ వారైనా అర్హులే. ఈ మాటను మన తల్లిదండ్రులు ప్రత్యేకంగా గమనించాలి. ఎం.పి.సి. లేకపోతే ఇంజనీరింగు లేదు, బై.పి.సి. లేకపోతే వైద్యం లేదు, ఈ రెండూ లేని పిల్లవానికి భవిష్యత్తే లేదన్న నమ్మకం విజయవాడలో గట్టిగా వేళ్లూనుకొని ఉన్నది. సి.ఇ.సి. చదివిన అమ్మాయికి కూడా ఈ తలుపు తెరిచే ఉన్నది.

అయితే మార్కుల జాబితా చూపినంత మాత్రాన ప్రవేశం దొరకదు. డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్ అనే పరీక్షను రెండు మెట్లుగా నిర్వహిస్తారు. మొదటిది ప్రాథమిక పరీక్ష. పరిశీలన, ఊహ, తర్కం, చుట్టూ ఉన్న లోకాన్ని గూర్చిన అవగాహన, ఆలోచనను గీతల్లో పెట్టగల నేర్పు—వీటిని ఇందులో పరిశీలిస్తారు. ఇందులో నెగ్గినవారిని ప్రధాన పరీక్షకు పిలుస్తారు. అక్కడ స్టూడియో టెస్టు ఉంటుంది. ఇచ్చిన సామగ్రితో, ఇచ్చిన సమస్యకు, కళ్ల ఎదుటనే ఏదో ఒక రూపం కల్పించి చూపవలసి ఉంటుంది. కంఠస్థం చేసిన జవాబు అక్కడ పనికిరాదు.

మరొక షరతు ఉన్నది. దానిని ఏమరుపాటున దాటవేస్తే ఏడాది శ్రమ వృథా అవుతుంది. ఈ సంస్థల ప్రవేశానికి వయోపరిమితి ఉన్నది. సాధారణ వర్గం వారికి అది సుమారు 20 ఏళ్లు. వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 3 ఏళ్లు, వికలాంగులకు 5 ఏళ్లు సడలింపు ఇస్తూ వచ్చారు. ఏ తేదీ నాటికి వయస్సు లెక్కిస్తారో ఆ సంవత్సరపు ప్రకటనలో చూసుకోవాలి. మన పట్టణంలో ఒక పరీక్ష కోసం లాంగ్ టర్మ్ పేరిట ఒకటి, రెండు సంవత్సరాలు వెచ్చించి, అది అందని తరువాతనే ఇతర మార్గాలు వెదకే అలవాటు ఉన్నది. అప్పటికి ఈ తలుపు మూసుకొని ఉండవచ్చు.

చదువు నాలుగు సంవత్సరాలు. మొదటి సంవత్సరం అందరికీ ఒకటే. దానిని పునాది సంవత్సరం అంటారు. రేఖ, రంగు, ఆకారం, పదార్థాల గుణం, కర్రతోనూ మట్టితోనూ కాగితంతోనూ నమూనాలు చేయడం ఇందులో నేర్పుతారు. తరువాత ఇండస్ట్రియల్ డిజైన్, కమ్యూనికేషన్ డిజైన్, టెక్స్‌టైల్ అండ్ అపెరల్ డిజైన్—ఈ మూడింటిలో ఒక శాఖలో ప్రవేశిస్తారు. ఇండస్ట్రియల్ డిజైన్ విద్యార్థి మనిషి శరీరపు కొలతలు, తయారీ పద్ధతులు, వాడుకరి అవసరాలు అధ్యయనం చేస్తాడు. మందుపంపు సమస్యే అతనికి ఇచ్చారనుకుందాం. అతడు మొదట కాగితం ముందు కూర్చోడు. గుడివాడ వైపు పొలానికి వెళ్లి, పంపు తానే మోసి, మోసేవారితో మాట్లాడి, పట్టీ వెడల్పు, మీట ఎత్తు కొలుస్తాడు. పొట్టివారికీ, ఎడమచేతివాటం వారికీ అది ఎట్లా ఉన్నదో విచారిస్తాడు. నమూనా చేస్తాడు, అదే పొలంలో పరీక్షిస్తాడు, విఫలమైతే మళ్లీ చేస్తాడు. చివరి ఘట్టంలో ఒక పరిశ్రమ గాని సంస్థ గాని ఇచ్చిన నిజమైన పనిని పట్టపు ప్రాజెక్టుగా పూర్తి చేయాలి.

ఇది ఒక్కటే మార్గం కాదు. హైదరాబాదు ఐ.ఐ.టి.లోనూ బి.డెస్. ఉన్నది. దానికి బొంబాయి ఐ.ఐ.టి. నిర్వహించే యూసీడ్ అనే పరీక్ష వ్రాయాలి. ఇక విజయవాడలో 2008లో ఏర్పడిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌ను దీనితో కలిపి పొరబడకూడదు. అది భవనాల, పట్టణాల నిర్మాణానికి సంబంధించినది. అక్కడి ఆర్కిటెక్చర్ చదువు ఐదు సంవత్సరాలు, గణితం తప్పనిసరి.

ఇప్పుడు ఆలోచించవలసిన అసలు విషయం ఒకటి ఉన్నది. మన డెల్టాకు రూపకల్పన కొత్త కాదు. కొండపల్లి కళాకారుడు తెల్లపొణికి కర్రను కాచి, చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, బొమ్మకు ప్రాణం పోస్తాడు. పెడనలో కలంకారీ అచ్చు చెక్కే చేయి వెంట్రుకవాసి తేడాను పసికడుతుంది. ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టే మేస్త్రి డ్రైవరు ఎక్కడ కూర్చుంటే దారి కనబడుతుందో చెప్పగలడు. వీరి చేతిలో ఉన్నది విద్యే. కాని వీరి పిల్లవాడు ఇంటర్మీడియెట్టు దాటకపోతే, లేక ఆలస్యంగా దాటితే, డిజైన్ కళాశాల గడప ఎక్కలేడు. చెంబును మెచ్చి మొదలైన చదువు, చెంబు చేసిన ఇంటి బిడ్డకు దూరమైతే అది న్యాయమా? నియమాలు మార్చడం మన చేతిలో లేకపోవచ్చు. ఆ ఇంటికి సకాలంలో కబురు అందించడం మాత్రం మన చేతిలో ఉన్నది. ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు ఈ భారం వహించాలి. ఫీజులు స్వల్పం కావు గనుక ఉపకారవేతనాల సంగతి కూడా ముందుగానే విచారించి చెప్పాలి.

చిత్రలేఖనం బొత్తిగా రాదని సంకోచించే పిల్లలకు ఒక మాట. ఇక్కడ గీత అందానికి కాదు, ఆలోచనకు. రోజూ ఇంట్లో ఒక వస్తువును, కవ్వమో, కత్తిపీటో, ముక్కాలిపీటో, ఎదుట పెట్టుకొని గీయండి. అది అట్లా ఎందుకున్నదో పక్కన రెండు వాక్యాలు వ్రాయండి. దానితో అమ్మకు ఏ ఇబ్బంది కలుగుతున్నదో అడగండి. ఆ ఇబ్బంది తీరే దారి మరొక బొమ్మలో చూపండి. ఆరు మాసాలు ఇట్లా సాగిస్తే పరీక్షకు సగం సిద్ధమైనట్లే. ప్రవేశం దొరికినా దొరకకపోయినా, ఎదుటివాని కష్టాన్ని కంటితో చూసి చేతితో తగ్గించే అలవాటు మీకు మిగులుతుంది.