బురుజు నుంచి బిస్కెట్ డబ్బా దాకా

మస్కట్ నుంచి నిజ్వా వైపు దాదాపు 90 కిలోమీటర్లు వస్తే సమాయిల్. కింద ఖర్జూర తోటలు, పైన గుట్టల కొసన పాత కావలి బురుజులు. సముద్రతీరం నుంచి లోపలి ఒమన్‌కు పోయే కొండదారి ఇది. ఏ ఒంటెల బిడారు వచ్చినా బురుజు మీది మనిషి కంట పడాల్సిందే. అంటే ఇక్కడ కాపలా దారికి. మస్కట్‌లోనైతే ఏకంగా ఊరికే తాళం! పొద్దుగూకిన మూడు గంటలకు కోట గుమ్మాలు మూసేవారు. ఆ తర్వాత వీధిలో తిరిగేవాళ్లు లాంతరు పట్టుకోవాల్సిందే. 1970 దాకా ఇదే పద్ధతి. అప్పటికి దేశం మొత్తం మీద తారురోడ్డు సుమారు 10 కిలోమీటర్లు.

ఆ తర్వాత రోడ్లు పడ్డాయి, కార్లు వచ్చాయి, గుమ్మాలు తెరుచుకున్నాయి. కాపలా భారం ఊరి మీద నుంచి బండి మీదికి వచ్చింది.

బండి తాళానికి అప్పటికే చాలా కథ నడిచింది. 1920ల్లో ఫోర్డ్ మోడల్ టీ కార్లు లక్షల్లో అమ్ముడుపోయాయి; వాటి తాళంచెవులు మాత్రం 24 రకాలే. పక్కవాడి చెవి మన బండికి పట్టినా ఆశ్చర్యం లేదు. 1969 మోడళ్ల నాటికి జనరల్ మోటార్స్ స్టీరింగ్‌కు లాక్ పెట్టింది. చెవి తీస్తే చక్రం బిగుసుకుపోతుంది. 1980ల్లో స్టీరింగ్‌కు అడ్డంగా బిగించే ఇనుప కడ్డీ వచ్చింది.

అసలు మలుపు ఇమ్మొబిలైజర్. మీ తాళంచెవి ప్లాస్టిక్ తలలో వడ్లగింజ కంటే కాస్త పెద్ద చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. చెవి పెట్టగానే చుట్టూ ఉన్న తీగచుట్ట దాన్ని మేల్కొలుపుతుంది. చిప్ తన గుర్తు చెబుతుంది. గుర్తు కలిస్తేనే ఇంజన్‌కు ఇంధనం అందుతుంది. తీగలు కలిపి స్టార్ట్ చేసే పాత విద్యకు అక్కడితో కాలం చెల్లింది. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి అయింది.

దొంగ ఊరుకుంటాడా? చెవి జేబులో ఉంటే చాలు, తలుపు తెరుచుకునే కార్లు వచ్చాయి. ఒకడు ఇంటి గుమ్మం దగ్గర, ఇంకొకడు కారు దగ్గర సంకేతాన్ని చేరవేసే పరికరాలు పట్టుకుని నిలబడితే, లోపలి గదిలో ఉన్న చెవి కారు పక్కనే ఉన్నట్టు బండి నమ్ముతుంది. జ్యూరిక్ పరిశోధకులు 2011లోనే దీన్ని చేసి చూపించారు. హెడ్‌లైట్ తీగల్లోంచి బండికి దొంగ సందేశం పంపే పద్ధతి 2023లో బయటపడింది. అందుకే మూలన పడ్డ ఇనుప కడ్డీకి మళ్లీ గిరాకీ వచ్చింది. దాన్ని కొయ్యాలంటే చప్పుడవుతుంది, సమయం పడుతుంది. దొంగకు రెండూ గిట్టవు. ఇక జీపీఎస్ ట్రాకర్. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కాకుండా, బండి కదలగానే ఆచూకీ చెబుతుంది. కానీ పోకుండా ఆపదు.

ఇన్ని ఉన్నా మన అలవాటు ఒకటుంది. ఎండ మండుతుంటే ఏసీ చల్లదనం పోతుందని ఇంజన్ ఆపకుండా, చెవి బండిలోనే వదిలేసి దుకాణంలోకి పరిగెత్తడం. అప్పుడు చిప్పూ కడ్డీ రెండూ దండగే. కరీంనగర్ నుంచో కడప నుంచో వచ్చి ఇక్కడ డ్రైవింగ్ చేసే అన్నదమ్ములకు వేరే చెప్పాలా? బండి అర్బాబుది, అంటే యజమానిది; పోతే మాట పడేది మనం. కరక్ చాయ్ కావాలా, హారన్ కొడితే కుర్రాడే తెస్తాడు. దిగాల్సి వస్తే మాత్రం ఇంజన్ ఆపి, చెవి తీసుకుని దిగండి.

ఇంట్లో ఉన్న చెవి సంకేతం గుమ్మం దగ్గరి దొంగకు అందుతుందేమో, ఈ రాత్రి ఒక పరీక్ష చేయండి. చెవి జేబులో ఉంటే తెరుచుకునే బండైతే, చెవిని రేకు బిస్కెట్ డబ్బాలో పెట్టి మూత బిగించి, కారు పక్కన నిలబడి తలుపు లాగండి. తెరుచుకోకపోతే ఆ డబ్బాయే మీ ఇంటి బురుజు. తెరుచుకుంటే డబ్బా మార్చండి.