సీటు కొరకు సంకల్పం



వేసవి వచ్చిందంటే మన స్వామి సన్నిధిలో అర్చన చేయించుకొనేవారి నోట ఒక కోరిక తరచుగా వినిపిస్తుంది. గోత్రనామాలు చెప్పిన తరువాత అర్చకస్వామి వైపు కొంచెం వంగి, "స్వామీ, మా బాబుకు ఆ బడిలో సీటు రావాలని కూడా చెప్పండి" అంటారు. బాబు ఇంకా పసివాడే. కేంద్రీయ విద్యాలయంలో ఒకటవ తరగతికి లాటరీలో పేరు వస్తుందో రాదోనని ఒకరి బెంగ. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడులలో పేదపిల్లలకు కేటాయించిన 25 శాతం సీట్లలో తమ బిడ్డకు చోటు దొరుకుతుందో లేదోనని మరొకరి బెంగ. ఈ సంకల్పాన్ని గురించే నేడు నాలుగు మాటలు మనవి చేస్తాను. ఇది శాస్త్రచర్చ కాదు. నిరుడు నా ఇంట జరిగిన కథ. అందులో నా పొరపాట్లే ఎక్కువ.

మా చిన్నమ్మాయి, అల్లుడు ఇంగ్లండులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. నిరుడు మార్చిలో వెళ్ళి సెప్టెంబరు వరకు వారి ఇంట ఉన్నాను. మనుమరాలికి అప్పటికి నాలుగేండ్లు. ఆ దేశంలో నాలుగేండ్లు నిండిన పిల్లలను సెప్టెంబరులో బడికి పంపుతారు. ఆ మొదటి తరగతికి రిసెప్షన్ అని పేరు. జనవరి 15లోగా తల్లిదండ్రులు తమకు నచ్చిన బడుల పేర్లు వరుసగా వ్రాసి స్థానిక ప్రభుత్వానికి దరఖాస్తు చేయాలి. ఏప్రిల్ 16న ఎవరికి ఏ బడి వచ్చినదీ తెలుపుతారు. ఇవి ఫీజు లేని ప్రభుత్వ బడులు. డబ్బిచ్చి సీటు కొనే వీలు లేదు. మంచి బడి పక్కన ఇల్లు కొనుక్కొనే వీలు మాత్రం ఉన్నది, అది వేరే సంగతి.

ఏప్రిల్ 16 ఉదయం మా అమ్మాయి ఫోను చూసి కుర్చీలో కూలబడింది. మొదట వ్రాసిన బడి రాలేదు, రెండవదీ రాలేదు. మూడవది వచ్చింది.

నాకు ఆ సంగతి అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. నా ఎనిమిదవ యేట మా నాన్నగారు నన్ను గురువుగారి వద్దకు తీసుకొనిపోయి నిలబెట్టినప్పుడు, అరుగు మీద అమరకోశం వల్లెవేస్తున్న పిల్లలు కొంచెం జరిగారు, నేను కూర్చున్నాను. ఆనాడు చోటు అంటే అంతే. అందుచేత, "అమ్మా, ఇంకొక్క పిల్లకు జరిగి చోటివ్వలేరా?" అని అడిగాను. "లేదు నాన్నగారూ, ఈ చిన్న తరగతులలో ఒక్కొక్క ఉపాధ్యాయునికి ముప్ఫై మందికి మించి పిల్లలు ఉండకూడదని చట్టం" అన్నది. ఉన్నత పాఠశాలలో ఒక్కొక్క తరగతికి అరవై మందిని కూర్చోబెట్టుకొని పాఠం చెప్పినవాణ్ణి నేను. చివరి బల్ల మీద పిల్లవాని పేరు దసరా నాటికి గాని నోటికి వచ్చేది కాదు. ఆ చట్టాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

సీటు రానివారికి రెండు దారులు ఉన్నవి. ఒకటి నిరీక్షణ జాబితా, వెయిటింగ్ లిస్టు. రెండవది అప్పీలు. ఈ రెండింటికీ పేరు ఇచ్చినంత మాత్రాన వచ్చిన బడిని వదులుకోనవసరం లేదు. దానిని అంగీకరించినా అప్పీలుకు హాని లేదు, జాబితాలో స్థానం తగ్గదు. కోపంలో వచ్చినదాన్ని కాదన్నవారే చిక్కులలో పడతారని అల్లుడు కనుక్కొని వచ్చి, ఆ మూడవ బడికి ముందుగా అంగీకారం పంపినాడు.

జాబితాలో మా పిల్ల తొమ్మిదవది. నేను ఊరుకొంటానా? మరునాటి నుండి స్నానం కాగానే హయగ్రీవ స్తోత్ర పారాయణ మొదలుపెట్టాను. పిల్లకు ఆ బడి రావాలని సంకల్పం. పది రోజులకు తొమ్మిది ఏడయింది. నా పారాయణ ఫలించిందని లోలోపల ఎంతో గర్వపడినాను. మే నెలలో ఏడు మళ్ళీ ఎనిమిదయింది. అమ్మాయి కండ్లనీళ్ళు పెట్టుకొన్నది. నాకు కోపం వచ్చింది. వరుసలో ముందు నిలబడినవాణ్ణి వెనుకకు నెట్టే ధర్మం ఎక్కడిదని అడిగాను.

అప్పుడు అల్లుడు ఆ నియమాలు నాకు చదివి వినిపించాడు. ఆ జాబితా రేషను దుకాణం ముందరి వరుస వంటిది కాదు. ముందు వచ్చినవారికి ముందు అన్న నియమమే లేదు. కొత్త పేరు చేరినప్పుడల్లా బడి నియమాల ప్రకారం అందరినీ మళ్ళీ వరుసలో పెట్టాలి. తల్లిదండ్రుల వద్ద గాక ప్రభుత్వ సంరక్షణలో పెరుగుతున్న పిల్లలు అందరికంటె ముందు. తరువాత ఆ బడి నియమాలలో తోబుట్టువులు అక్కడే చదువుతున్నవారు, ఆ తరువాత ఇల్లు దగ్గరగా ఉన్నవారు. మా పిల్లను వెనుకకు నెట్టిన ఆ బిడ్డ ఎవరో మాకు తెలియదు, తెలుపరు కూడా. కన్నవారి నీడ లేని పసిబిడ్డ అయినా కావచ్చును.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరగతిలో ముప్ఫై చోట్లూ నిండి ఉన్నవి. కొత్త చోటు పుట్టదు. ఎవరో ఒకరు వదిలితేనే ఖాళీ అవుతుంది. తొమ్మిది ఏడయినప్పుడు ఏమి జరిగి ఉంటుంది? ఏ ఇంటనో తండ్రికి ఉద్యోగం పోయి ఊరు మారి ఉండవచ్చును. ఏ ఇల్లో విడిపోయి ఉండవచ్చును. సంతోషంగా మరొక చోటికి వెళ్ళినవారూ ఉండవచ్చును. నేను మాత్రం అవేవీ తలపక, మడి కట్టుకొని కూర్చొని, ఇంకొక బిడ్డ లేచిపోవాలని భగవంతుని ప్రార్థిస్తున్నాను. నోటితో ఆ మాట అనలేదు, నిజమే. సంకల్పానికి అర్థం మాత్రం అదే.

భాగవతంలో ధ్రువునికి ఐదేండ్లు. తండ్రి ఒడిలో ఉత్తముడు కూర్చొని ఉన్నాడు, తానూ ఎక్కబోయాడు. సురుచి కాదన్నది. ఏడుస్తూ వచ్చిన కొడుకును చూచి సునీతి ఏమి చేసింది? ముందుగా తానూ ఏడ్చింది. వ్యాసులవారు ఆ కన్నీటిని దాచలేదు. పిమ్మట ఆమె బిడ్డతో చెప్పిన మొదటి హితవు, ఇతరులకు కీడు తలపెట్టవద్దని. ఆ ఒడిలో ఉన్న ఉత్తముణ్ణి దింపమని ఆమె ఏ దేవుణ్ణీ అడుగలేదు. ఈ ఘట్టాన్ని నేను ఎన్నో పురాణ కాలక్షేపాలలో చెప్పినాను. నాకై నేను విన్నది ఆ రాత్రే.

మరునాటి ఉదయం సంకల్పం మార్చినాను. ఏ బడి గుమ్మం తొక్కినా ఈ పిల్లకు దయగల గురువు దొరకాలి, ఆ జాబితాలోని పిల్లలందరికీ దొరకాలి అని. పారాయణ మానలేదు.

ఇంతలో ఒక శ్రేయోభిలాషి ఫోనుచేసి, బడికి దగ్గరలో తమ బంధువుల ఇల్లు ఉన్నదని, ఆ చిరునామా వ్రాసుకొంటే పని అయిపోతుందని సలహా ఇచ్చినారు. అమ్మాయి నా ముఖం చూసింది. నేను వెంటనే వద్దని అనలేదు. సత్యకాముని కథ చెప్పి ఎందరి చేతనో తలలూపించినవాణ్ణి, ఒక పూట మౌనంగా ఉండిపోయాను. చివరకు మాట్లాడినది అల్లుడే. "మామయ్యగారూ, అబద్ధమని తేలితే ఇచ్చిన సీటు తీసివేస్తారు. అది అటుంచండి. మీ ఇల్లెక్కడమ్మా అని టీచరు అడిగితే పిల్లకు ఏమి చెప్పమని నేర్పాలి?" అన్నాడు. తన గోత్రం తెలియదని నిజం చెప్పినందుకే సత్యకాముణ్ణి గౌతముడు శిష్యునిగా స్వీకరించినాడు. ఆ కథ ఆ రోజు మా అల్లుడికి నేను చెప్పవలసిన పని లేకపోయింది.

అన్నిటికంటె నన్ను బాధించే పొరపాటు మరొకటి ఉన్నది. ఇక్కడి నుండి మా తమ్ముడు ఫోను చేసినప్పుడు, పిల్ల పక్కనే ఆడుకుంటూ ఉండగా, "మన పిల్లను ఆ బడివాళ్ళు వద్దన్నారురా" అన్నాను. రాత్రి పడుకొనే వేళ అది నా పక్కన చేరి, "తాతయ్యా, నేను అ ఆ లు బాగా వ్రాయలేదనా?" అని అడిగింది. ఎవరూ దానిని పరీక్షించలేదు, ఎవరూ దాని ముఖమైనా చూడలేదు. కొలిచినది ఇంటికీ బడికీ మధ్య దూరాన్ని. ఆ మాట దానికి తెలిసేటట్లు చెప్పడానికి, ఒక దారం తీసుకొని గది ఈ మూల నుండి ఆ మూల వరకు కొలిచి చూపించాను. నవ్వింది. అయినా మరి రెండుసార్లు అదే ప్రశ్న అడిగింది. సురుచి అయినా అసూయతో అన్నది, నేను ఊసుపోక అన్నాను.

అప్పీలు జూన్‌లో జరిగింది. బడికీ స్థానిక ప్రభుత్వానికీ సంబంధం లేని ముగ్గురు కూర్చొని రెండు పక్షాల మాటలూ వింటారు. ముప్ఫై మంది నియమం ఉన్న తరగతి విషయంలో వారి చేతులు చాలవరకు కట్టివేసి ఉంటాయి. నియమాలు చట్టవిరుద్ధమైనా, వాటిని తప్పుగా అమలు చేసినందువల్ల పిల్లకు రావలసిన చోటు పోయినా, ఆ నిర్ణయం బొత్తిగా అసమంజసమైనా తప్ప సీటు ఇప్పించలేరు. తల్లిదండ్రుల ఉద్యోగ వేళలు, రాకపోకల ఇబ్బందులు అక్కడ నిలువవు. అది తెలిసే అమ్మాయి వెళ్ళింది. నేను వద్దనలేదు. చట్టం ఒక తలుపు ఉంచినప్పుడు తట్టడంలో దోషం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, దూరం కొలిచిన తీరు గురించి రెండు ప్రశ్నలు వేసింది. కొలతలో తప్పు లేదని తేలింది. వారం లోపలే కాదని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం సంగతి ఈసారి పిల్ల నిద్రపోయిన తరువాతనే మాట్లాడుకున్నాము.

సెప్టెంబరులో మూడవ బడికే వెళ్ళింది. మొదటి రోజున గుమ్మం దగ్గర ఏడ్చినది తల్లి, పిల్ల కాదు. నేను తిరిగి వచ్చే నాటికి, బడిలో తాబేలును పెంచుతున్నారని, దానికి ఆకులు పెట్టే వంతు తనదని రోజూ చెప్పేది.

నిరీక్షణ జాబితాను కనీసం డిసెంబరు 31 వరకు ఉంచాలని అక్కడి నియమం. సంక్రాంతికి ఫోను చేసినప్పుడు గుర్తుకు వచ్చి, చివరికి మనది ఎన్నో అంకె అయిందని అమ్మాయిని అడిగాను. "నేను కనుక్కోలేదు నాన్నగారూ" అన్నది. వెనుక నుండి పిల్ల, తాబేలు చలికి నిద్రపోయిందని తాతయ్యకు చెప్పమంటున్నది.