నారు తెచ్చే ముందే మాట్లాడుకుందాం: ఈ సీజనుకు టమోటా రకాల ఎంపిక

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం ప్రతినిధి చేసిన ప్రసంగ పాఠం)



మన మదనపల్లె చుట్టుపక్కల సేద్యం అంటే ముందు టమోటానే గుర్తొస్తాది. గ్రూపు అప్పు తీసుకుని టమోటా పెట్టేవాళ్లు మనలో చానామంది ఉన్నారు. పంట పోయినా కంతు ఆగదు. అందుకని నారు తెచ్చే ముందే రకం గురించి నాలుగు మాటలు మాట్లాడుకోవాలని నిలబడినాను.

2023 జూలైలో మన మార్కెట్లో కిలో టమోటా రూ.200 దగ్గరికి పోయింది. అదే ఏడాది సెప్టెంబరులో రూ.10 లోపుకు పడిపోయింది. నారు పెరగడానికి 25 నుంచి 30 రోజులు, నాటినాక మొదటి కోతకు ఇంకో రెండు నెలల పైన పడుతుంది. ఈరోజు ధర చూసి నాటితే కాయ చేతికి వచ్చేనాటికి అది ఉండదు. ధరను మనం ఆపలేం గానీ, ఏ రకం పెట్టాలనేది మనమే చూసుకోవచ్చు. దానికి మూడు సంగతులు చూడాల.

మొదటిది, కాయ ఎక్కడికి పోతాది? క్రేట్లలో లారీ ఎక్కి దూరం పోవాలంటే తోలు మందంగా, గట్టిగా ఉండే కాయ కావాల. దానికి హైబ్రిడ్లు పనికొస్తాయి. ఊర్లో, వారపు సంతలో అమ్మేవాళ్లకు పులుపు, రసం ఉండే నాటు టమోటాకు గిరాకీ ఉంటాది. చారుకు, పచ్చడికి అదే అడుగుతారు. కానీ దాని తోలు పల్చన, వానకు పగులుతాది, దూరం మోయలేదు.

రెండోది, పైరు ఏ కాలంలో నిలబడతాది? ఎండాకాలంలో తెల్లదోమ ఎక్కువై ఆకుముడత వైరస్ వస్తాది. ఎండలు బాగా ముదిరితే పూత రాలి పిందె నిలవదు. వానాకాలంలో ఆకుమచ్చ, ఎండు తెగుళ్లు, కాయ కుళ్లు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క రక్షక్ అనే హైబ్రిడ్‌ను తయారు చేసింది. ఆకుముడత వైరస్‌ను, బాక్టీరియా ఎండు తెగులును, తొలి దశ ఆకుమాడు తెగులును మూడింటినీ తట్టుకుంటాది. తట్టుకుంటాది అంటే అసలు రాదని కాదు అక్కా, నారుమడికి నైలాన్ వల, చేను చుట్టూ జొన్న గానీ మొక్కజొన్న గానీ రెండు మూడు వరుసలు తప్పవు.

మూడోది, మన నీళ్లు, మన చేతిలో డబ్బు. పొడుగ్గా పెరిగే హైబ్రిడ్లకు కట్టెలు, తీగ, పురికొస, కట్టే కూలీ అన్నీ కావాల. బోరులో నీళ్లు తక్కువ ఉన్నవాళ్లు, వాన మీద ఆధారపడేవాళ్లు అర్క మేఘాలి లాంటి వర్షాధార రకం గురించి అడగండి. ఇంకొక మాట. సూటి రకాల విత్తనం ఎకరాకు సుమారు 200 గ్రాములు పడుతుంది, మంచి కాయల నుంచి మళ్లీ విత్తనం తీసుకోవచ్చు. హైబ్రిడ్ విత్తనం 60 నుంచి 80 గ్రాములు చాలు గానీ ధర ఎక్కువ, దాని కాయ నుంచి తీసిన విత్తనం అదే పంట ఇవ్వదు. ప్రతి సీజనుకూ కొనాల్సిందే. ఆ ఖర్చు ముందే లెక్కలో రాసుకోవాల.

కొత్త రకం ఎంత బాగుందని చెప్పినా మొదటి ఏడాది పది సెంట్లలోనే పెట్టి చూడండి. మిగతాది మీకు తెలిసిన రకమే పెట్టండి. నర్సరీలో నారు కొనేటప్పుడు రకం పేరు, లాట్ నంబరు, తేదీ ఉన్న బిల్లు అడిగి తీసుకోండి. సొంతంగా విత్తనం పోసేవాళ్లు ఖాళీ ప్యాకెట్టు పారేయొద్దు. రేపు మొలక రాకపోయినా, వేరే రకం కాసినా, నష్టం అడగడానికి మన దగ్గర ఉండే ఆధారం అవే.

ఆఖరుగా సమాఖ్యకు ఒక విన్నపం. నారు పోసే ముందు జరిగే గ్రామ సంఘం మీటింగులో ఎవరు ఎన్ని సెంట్లు, ఏ రకం, ఏ వారంలో నాటుతున్నారో మినిట్స్ పుస్తకంలో రాయిద్దాం. ఊరంతా ఒకే వారం నాటితే ఒకే వారం కోతకు వస్తాది. పది పదిహేను రోజులు ముందూ వెనకా నాటుకుంటే అందరి కాయా ఒకే రోజు మండీకి చేరదు. అనుమానం ఉంటే రైతు సేవా కేంద్రంలో గానీ, కలికిరి కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ అడుగుదాం. ఒక్కరు పోలేకపోతే గ్రూపు నుంచి ఇద్దరు పోయి వచ్చి మిగతావాళ్లకు చెప్పొచ్చు.