అద్దకపు బట్టల వర్తకమును, స్త్రీల పద్దును
(సంఘ వార్షిక మహాసభ, మహిళా సమావేశమున చేసిన ఉపన్యాసము)



స్త్రీలకు తగిన వ్యాపారములనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఇట్టి సభలలో అప్పడములు, ఊరగాయలు, కుట్టుపని యని వరుసగా చెప్పి ముగించుట వాడుక. నాకు బాగుగా తెలిసినది అద్దకపు బట్ట యొక్కటియే. కావున దానినిగూర్చియే మాటలాడెదను.

నేలకును నీటికిని హాని చేయని వస్త్రములు కావలెనని నేడు దేశదేశముల కొనువారు వెదకుచున్నారు. అట్టి వస్త్రము మన బందరు సీమకు క్రొత్తది కాదు. 17వ శతాబ్దారంభమున డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును బందరున కోఠీలు పెట్టుటకు ఈ తీరపు బట్టలే ముఖ్య కారణము. మన దేశపు అద్దకములు తమ నేతగాండ్ర పొట్ట కొట్టుచున్నవని ఫ్రాన్సు 1686లోను, ఆంగ్లదేశము 1700, 1721 సంవత్సరములలోను వానిపై నిషేధములు విధించినవి. పిమ్మట 1869 ప్రాంతమున కృత్రిమపు ఎరుపును, 1897లో కృత్రిమపు నీలియు జర్మనీనుండి అంగడికెక్కెను. మన వేళ్ల రంగులు మూలబడెను.

అయినను పెడనలో ఆ పని చావలేదు. గుడ్డను పేడనీట నానవైచి, ఎండలో తడుపుచు ఆరవైచి తెల్లబరతురు. కరక్కాయ కషాయమున ముంచుదురు. ఇనుపతుక్కును బెల్లపునీట పులియబెట్టి తీసిన నీటిని టేకు అచ్చులతో అద్దినచో, కరక్కాయతో కలిసి నలుపగును. ఎరుపు కావలసినచోట పటిక అద్దుదురు. తరువాత పారు నీట బాగుగా జాడించి చిరివేరు మొదలగువాని కాగులో ఉడికింతురు. పటిక తగిలినచోటనే యెరుపు నిలుచును, తక్కినచోట వదలిపోవును. దీనికంతకు ప్రాణము కృష్ణ కాలువ నీరు.

ఆ నీటి విలువ నేను నష్టపడి తెలిసికొంటిని. నా మొదటి సంవత్సరమున వేసవికి కాలువలు కట్టివేసిరి. గడువు దాటునను భయముచే బోరింగు నీట ఉతికించితిని. మా వైపు భూమిలోని నీరు ఉప్పన. ఎరుపు మసకబారెను. ఒక నగరపు అంగడివారు చీరలన్నియు తిరిగి పంపిరి. వారి తప్పేమియు లేదు. నాటినుండి వేసవి సరుకును కాలువ పారుచుండగనే ఉతికించి పెట్టుకొనుచున్నాను.

ఇక అసలు సంగతి. 1921లో ఈ విజయవాడలోనే కాంగ్రెసు మహాసమితి కూడి 20 లక్షల రాట్నములు నెలకొల్పవలెనని తీర్మానించెను. ఇండ్లలో వానిని త్రిప్పవలసిన వారెవరో వేరుగా చెప్పనక్కరలేదు. మగ్గపు టిండ్లలో కండెలు చుట్టినది, ఆసు పోసినది స్త్రీయే. మా యమ్మ యేబదియేండ్లు కండెలు చుట్టెను. మజూరీ పద్దు మాత్రము మా నాయనగారి పేరనే యుండెడిది. ఆయన దుర్మార్గులు కారు. ఆ పని పనియని యెవరికిని తోచలేదు, మా యమ్మకుగూడ.

నేడు వ్యాపారము పెట్టు స్త్రీయు ఈ పొరపాటే చేయుచున్నది. ఉదాహరణకు ఒక చీరకు గుడ్డ 700, రంగులు 120, కూలి 180, వెరసి 1,000 రూపాయలనుకొందము. 1,200కు అమ్మి 200 లాభమని సంతోషించును. తాను చేసిన రెండు దినముల పనిని దినమునకు 300 చొప్పున వ్రాసి చూచినచో 400 నష్టము! ఆ నష్టమును ఆమె యొడలే భరించుచున్నది గనుక లెక్కలో కనబడదు. అట్టి ధరకు అమ్ముటవలన ప్రక్కనున్న సోదరికిగూడ గిట్టుబాటు ధర రాకుండ చేయుచున్నది.

ధర పెంచిన కొందురా యని యడుగుదురు. నిజము చెప్పి అమ్మిన కొనువారున్నారు. స్క్రీనుపై రసాయనపు రంగులతో అచ్చువేసి కలంకారి యను పేర అమ్ముచున్నారు. దానితో ధరలో పోటీ పడజాలము. బందరు కలంకారికి 1999నాటి చట్టముక్రింద భౌగోళిక గుర్తింపు కలదు. పనివారు తమ పేర్లను అందు నమోదు చేయించుకొనవచ్చును. మనమును కల్లలాడరాదు. పెడనలో మిల్లుబట్టపైనను అద్దుచున్నారు. దానిని చేనేతయని చెప్పి అమ్మినచో స్క్రీనువానికిని మనకును భేదమేమి? చేనేత కావలసినవారికి నదికావల మంగళగిరి గుంటమగ్గముల గుడ్డ తెచ్చి అద్దించి, ఆ మాట చీటిమీద వ్రాయవచ్చును.

ముక్కల సంగతియు నున్నది. మా యమ్మమ్మ పాతచీరలతో బొంతలు కుట్టెడిది. అద్దకపు కత్తిరింపులతో నేను సంచులు కుట్టించుచున్నాను. లాభము స్వల్పమే గాని గుడ్డ పారవేయుట లేదు.

పోషకులకొక విన్నపము. ఏటేట కుట్టుమిషనులు పంచుచున్నారు, సంతోషమే. కాని అద్దకమునకు ముందుగా కావలసినది చేతిలో మెదలు సొమ్ము. గుడ్డ కొన్ననాటినుండి అంగడివారు డబ్బిచ్చువరకు మాకు మూడు నాలుగు నెలలు పట్టుచున్నది. పొదుపు సంఘముల అప్పులును, 2015లో వచ్చిన ముద్రా రుణములును కలవు. వానితోబాటు మన సంఘమును ఆరునెలల గడువుకు అప్పిచ్చు నిధి నొకదానిని ఏర్పరుపవలెను. పత్రము స్త్రీ పేరనే వ్రాయింపుడు. భర్త పేర వలదు.

ప్రక్కగదిలో బల్లపై ఆరు అచ్చులును, ఆ వేసవిలో మసకబారిన చీర యొకటియు, నా లెక్కపుస్తకమును ఉంచితిని. భోజనములైన పిమ్మట నేనచ్చటనే యుందును. పుస్తకము తెరచి చూచుటకు ఎవ్వరును మొగమాటపడ నక్కరలేదు.