పిలుపు ఉందని ఎవరు చెప్పాలి?

మధ్యలో గుర్రుమని ఒక చప్పుడు వస్తే మీ ఫోన్ స్పీకర్ పాడైందనుకోకండి, అది మెట్రో. ఎర్రమంజిల్ స్టేషన్ పక్క సందులో రూమ్ తీసుకుంటే ఇలాగే ఉంటుంది. ఓనర్ గారు అడగకుండానే అద్దె ఎందుకు తగ్గించారో మొదటి రాత్రే అర్థమైంది.

పోయిన వారం ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పంపాడు. బీటెక్ థర్డ్ ఇయర్. యూత్ మీటింగ్‌లో వాళ్ళ పాస్టర్ గారు అందరి ముందు నిలబెట్టి, దేవుడు నిన్ను పూర్తికాల సేవకి పిలుస్తున్నాడు అన్నారట. ఇంట్లో నాన్న ఒప్పుకోవట్లేదు. "అన్నా, చదువు ఆపెయ్యాలా? ఆపకపోతే దేవుడి మాట విననట్టా?" అని అడుగుతున్నాడు. గొంతు వణుకుతోంది. ఆ మెసేజ్ మూడుసార్లు విన్నాను. నాలుగేళ్ళ క్రితం నా గొంతు కూడా అలాగే ఉండేది.

నేను ఏడో నెలలో పుట్టాను. బతకడన్నారట. బతికితే సేవకి ఇచ్చేస్తానని అమ్మ మొక్కుకుంది. మన ఇళ్ళల్లో ఇది కొత్తేం కాదు, మీలో చాలామందికి ఇలాంటి కథే ఒకటి ఉంటుంది. చిన్నప్పుడు వినడానికి బావుంటుంది. బీటెక్ అయ్యి, అమీర్‌పేట్ మైత్రీవనం సందుల్లో జావా నేర్చుకుని, ఉద్యోగం వచ్చాక ఆ కథ వినాలంటే కొంచెం భయమేస్తుంది.

ఒక డిసెంబర్ 31 రాత్రి ఆరాధన. వాగ్దాన కార్డుల పళ్ళెం తిరిగింది. నా చేతికొచ్చిన కార్డు మీద సేవ గురించిన మాట ఉంది. పాస్టర్ గారు అది తీసుకుని మైకులో చదివి, "భక్తసింగ్ గారు ఇంజినీరింగే పక్కన పెట్టేశారు, నువ్వు ఒక ల్యాప్‌టాప్ పక్కన పెట్టలేవా?" అన్నారు. చప్పట్లు. అమ్మ ఏడుస్తోంది, సంతోషంతో. నాకు కడుపులో ఏదో మెలిపెట్టినట్టుంది. అదే పరిశుద్ధాత్మ కదలిక అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, రెండొందల మంది చూస్తుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది.

జనవరి 2న రాజీనామా మెయిల్ టైప్ చేసి డ్రాఫ్ట్‌లో పెట్టాను. చెల్లి పెళ్ళి అప్పు ఇంకా పదిహేడు నెలలుంది. ఆ సంగతి ఆ రాత్రి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు, చెప్తే విశ్వాసం తక్కువ అనుకుంటారని.

మెయిల్ పంపకుండా ఆపింది ఒక అంకుల్. రైల్వేలో రిటైరయ్యారు, వేరే సంఘంలో పెద్ద. ఆయనా, స్కూల్ టీచరుగా చేసే ఒక అక్కా కలిసి ఎర్రమంజిల్ కాలనీలో, వాళ్ళింటి హాల్లో శనివారం సాయంత్రాలు కొంతమందిని కూర్చోబెట్టేవారు. ఫ్రెండ్ లాక్కెళ్తే వెళ్ళాను. నా కథంతా విని ఆయన ప్రార్థన చేస్తారనుకున్నాను. ఆయన అడిగిన మొదటి మాట, "బాబూ, అప్పు ఎంతుంది?" రెండోది, "ఎవరూ చూడనప్పుడు నువ్వు ఇష్టంగా చేసే పనేంటి?" మూడోది, "మీ పాస్టర్ గారు కాదంటే కూడా నువ్వు సేవ చేస్తావా?" మూడోదానికి నా దగ్గర జవాబు లేదు.

తర్వాత ఆయన చేసిన పని నాకు ఇంకా విచిత్రం. "సరే, ఇప్పుడు నా సంగతి వినండి" అన్నారు. రిటైరయ్యాక ఖమ్మం దగ్గర సొంతూరికి వెళ్ళాలా, ఇక్కడే మాతో ఉండాలా అని ఆయనకే తేలడం లేదట. ఇరవై నాలుగేళ్ళ వాళ్ళని నలుగుర్ని, మీరేమంటారని అడిగారు! మా సంఘంలో అయ్యగారు మమ్మల్ని సలహా అడగడం నేనెప్పుడూ చూడలేదు. ఒకమ్మాయి మెల్లగా, "అంకుల్, మీరు ఊరికి భయపడుతున్నారా, మాకు అలవాటు పడ్డారా?" అంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఆ రోజు ఇంటికెళ్ళి సమూయేలు, ఏలీ కథ మళ్ళీ చదివాను. సండే స్కూల్లో మనకి పిల్లాడి గురించే చెప్తారు. రాత్రి పిలుపు వినపడింది, పరిగెత్తాడు, మూడుసార్లు ముసలాయన్ని లేపాడు. కానీ ఆ పిలుపు ఎవరిదో పిల్లాడికి తెలియలేదు, పోల్చుకున్నది చూపు తగ్గిన ఏలీ. పైగా నువ్వు ప్రవక్తవి అని ప్రకటించలేదు. మళ్ళీ వినపడితే ఏమనాలో నేర్పి, వెళ్ళి పడుకోమన్నాడు. తెల్లారాక పిల్లాడు భయపడుతూ చెప్పిన కబురు ఏలీ ఇంటిమీదికే వచ్చిన తీర్పు. దాచకుండా చెప్పమని అడిగి మరీ విన్నాడు. పిల్లల పిలుపు తేల్చాలని కూర్చున్న పెద్దకి అలాంటి మాట కూడా వినాల్సి రావచ్చు.

సరే, భక్తసింగ్ గారి విషయానికొద్దాం. ఆయన పేరు చెప్పి నన్ను ఒప్పించబోయారు కాబట్టి, తర్వాత ఆయన గురించి దొరికిందల్లా చదివాను. 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజినీరింగ్ చదవడానికి 1926లో లండన్, తర్వాత కెనడా వెళ్ళారు. 1929లో విన్నిపెగ్‌లో కొత్త నిబంధన చదివి విశ్వాసంలోకి వచ్చారు. బాప్తిస్మం 1932లో. ఇండియాకి తిరిగొచ్చింది 1933లో. మధ్యలో ఆ నాలుగేళ్ళు చూడండి. విన్నిపెగ్‌లో జాన్, ఈడిత్ హేవర్డ్ అనే దంపతులు ఆయన్ని తమ ఇంట్లో పెట్టుకున్నారు. వాళ్ళ బల్ల దగ్గర తిన్నారు, వాళ్ళతో కలిసి బైబిల్ చదివారు. ఒక్క రాత్రిలో తేలిన విషయం కాదు అది. బొంబాయిలో ఓడ దిగినప్పుడు, విశ్వాసం బయటికి చెప్పొద్దని తల్లిదండ్రులు అడిగితే ఆయన ఒప్పుకోలేదు, వాళ్ళు ఆయన్ని అక్కడే వదిలి వెళ్ళిపోయారు. అంత దెబ్బకి నిలబడ్డారంటే వెనకాల ఆ నాలుగేళ్ళున్నాయి. మన గోల్కొండ క్రాస్ రోడ్స్‌లో హెబ్రోను మొదలైంది 1950లో. మన సభల్లో మాత్రం సాక్ష్యం ఎప్పుడూ "ఇంజినీరింగ్ వదిలేశాడు" దగ్గరే ఆగిపోతుంది.

ఇంకో మనిషి, నాకు ఈయనంటే ఇంకా ఇష్టం. బిషప్ అజరయ్య. పూర్తి పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. పేరులో సమూయేలు ఉన్నాడు చూశారా! 1874లో తిరునెల్వేలి జిల్లాలో ఒక పల్లెటూరి పాస్టర్ గారికి పుట్టారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివారు, డిగ్రీ చేతికి రాలేదు. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్ళు ఊపిరి పీల్చుకోండి. 1895లో వైఎంసీఏలో చేరి, కుర్రాళ్ళ మధ్యే పద్నాలుగేళ్ళు తిరిగారు. అక్కడ అమెరికా నుంచి వచ్చిన షేర్‌వుడ్ ఎడ్డీతో స్నేహం కుదిరింది. ఎడ్డీ ఆయనకంటే మూడేళ్ళు పెద్ద, అంతే. 1902లో అజరయ్య జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో మిషనరీ పని నడపడం చూశారు. మరుసటి ఏడాది, 1903లో, తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. డబ్బు, మనుషులు, నిర్ణయాలు అన్నీ ఇక్కడివాళ్ళవే. వాళ్ళు ఎంచుకున్న చోటు ఎక్కడో తెలుసా? నిజాం రాజ్యంలోని డోర్నకల్. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా, మనం ఖమ్మం వెళ్ళే రైలు ఆగే డోర్నకల్ జంక్షనే.

ఇప్పుడు ఆ లీడర్ పరిస్థితి ఊహించండి. సొసైటీ సెక్రటరీ ఆయనే. మీరు వెళ్ళండి అని కుర్రాళ్ళకి చెప్పేదీ ఆయనే. ఊళ్ళు తిరుగుతూ చెప్తున్నకొద్దీ ఆ ప్రశ్న ఆయన మీదికే తిరిగింది. 1909లో వైఎంసీఏ పదవి వదిలి, కుటుంబంతో డోర్నకల్ వచ్చేశారు. వయసు 35. తెలుగు రాదు. ఆ వయసులో కూర్చుని నేర్చుకున్నారు. మనకి కొత్త ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోమంటేనే నీరసం వస్తుంది.

మద్రాసు బిషప్ వైట్‌హెడ్ ఈయన్ని బిషప్ చేద్దామన్నప్పుడు మిషనరీల్లోనే కాదు, సొంత తిరునెల్వేలి వాళ్ళలో కూడా కొందరు వ్యతిరేకించారు. వైట్‌హెడ్ వెనక్కి తగ్గలేదు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్‌గా అజరయ్య అభిషేకం జరిగింది. ఆ పైనున్నాయన తన మాటని పణంగా పెట్టకపోతే ఇది జరిగేది కాదని నా నమ్మకం. అలాగని అజరయ్య తెల్లవాళ్ళకి తలూపే మనిషి కాదు. అంతకు రెండేళ్ళ ముందే, 1910లో, ఎడింబరో మహాసభలో మిషనరీల ముఖం మీదే చెప్పారు: మీరు డబ్బులిచ్చారు, త్యాగాలు చేశారు, కానీ మాతో స్నేహం చెయ్యలేదు, మాకు కావలసింది అదీ అని. కొందరికి చాలా కోపం వచ్చింది.

డోర్నకల్‌లో ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల వాళ్ళు. కూలి పని చేసుకునేవాళ్ళు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చెయ్యి వాళ్ళ తలమీదే పెట్టించి, సువార్త చెప్పే బాధ్యత నాది కూడా అని వాళ్ళ నోటితోనే అనిపించేవారు. నాకు ఇది చదివినప్పుడు ఆ డిసెంబర్ 31 గుర్తొచ్చింది. నా తలమీద ఉన్న చెయ్యి వేరేవాళ్ళది.

మళ్ళీ శనివారం హాలుకి. అక్కడ అన్నీ సరిగ్గా తేలతాయని కాదు. మాలో ఒక నర్సు అక్క ఉంది, పంజాగుట్టలో పని. యూకేలో ఉద్యోగం వచ్చింది. అంకుల్ వెంటనే, "ఇక్కడ మిషన్ ఆసుపత్రుల్లో మనుషులు లేక ఇబ్బంది పడుతుంటే పౌండ్లకోసం వెళ్తావా అమ్మా?" అన్నారు. గది చల్లబడిపోయింది. ఆవిడ ఏడవలేదు, కోప్పడలేదు. తమ్ముడి ఫీజులకి తెచ్చిన అప్పు లెక్క చెప్పింది. తర్వాత, రాత్రి డ్యూటీలో ముసలివాళ్ళ పక్కన కూర్చున్నప్పుడే తను దేవుడి పని చేస్తున్నట్టు ఉంటుందని, అక్కడ కూడా ఆ వార్డే అడిగానని చెప్పింది. మరుసటి శనివారం అంకుల్ అందరి ముందూ, "నేను తొందరపడ్డానమ్మా, క్షమించు" అన్నారు. ఆవిడ వెళ్ళింది. ఇప్పటికీ శనివారం వీడియో కాల్‌లో వస్తుంది. అంకుల్ ఊరికి వెళ్ళిపోయారు, ఆయన కూడా కాల్‌లోనే. టీచరక్క మాత్రం టీ పెడుతూనే ఉంది.

నా సంగతి అడుగుతారు కదా. అప్పు తీరేదాకా ఉద్యోగం చేశాను. ఆ పదిహేడు నెలలూ ప్రతి శనివారం అదే ప్రశ్న, ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తున్నావ్? రాత్రుళ్ళు మీలాంటి వాళ్ళ మెసేజ్‌లకి జవాబులు రాస్తూ కూర్చునేవాణ్ణి. అందులోంచే ఈ వీడియోలు వచ్చాయి. అమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "ఫోన్ ముందు మాట్లాడటం సేవ ఎట్లవుతుందిరా?" అంటుంది. పోయిన నెల మొదటిసారి, "మీ శనివారానికి నేనూ రావొచ్చా?" అని అడిగింది. రమ్మన్నాను. ఏమంటుందో, మావాళ్ళు ఆమెకి ఏం చెప్తారో నాకు తెలీదు.

ఆ తమ్ముడికి నేను, వదిలెయ్ అని గానీ వద్దు అని గానీ చెప్పలేదు. నీ పిలుపు తేల్చడానికి నేనెవర్ని, నిన్ను నేను చూడను కూడా చూడలేదు. మూడు పనులు చెయ్యమన్నాను. ఈ సెమిస్టర్ పరీక్షలు రాయి. నాన్నగారు ఎందుకు వద్దంటున్నారో అడిగి, మధ్యలో మాట్లాడకుండా విను. తర్వాత మీ పాస్టర్ గారి దగ్గరికి ఒక్కడివే వెళ్ళి, "అయ్యగారూ, ఆ మాట మీకెలా తెలిసింది? దీని గురించి నాతో, మా నాన్నతో కలిసి కొన్ని నెలలు కూర్చుంటారా?" అని అడుగు. మర్యాదగా అడుగు. ఆయన మంచివారే అయ్యుండొచ్చు, ఇలా ఎవరూ అడిగి ఉండరు అంతే.

నిన్న రాత్రి రిప్లై వచ్చింది. "అన్నా, అయ్యగారు ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తానన్నారు. నాన్న చికెన్ తెస్తానన్నాడు." అంతవరకే తెలుసు. ఆదివారం ఏమైందో వచ్చే ఎపిసోడ్‌లో, వాడు ఒప్పుకుంటేనే చెప్తాను. బై.