ఆ పిల్లవాడికి ఇంకెన్నాళ్లు?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగం)

 

నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. పాత రోజుల ముచ్చట్లు నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆ పని వాళ్లకు వదిలేసి, మన సంఘం ముందున్న ఒక చిన్న పంచాయితీ గురించి మాట్లాడతాను. చిన్నదే గానీ రెండు మీటింగులైనా తెగలేదు.

మన బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్లవాడు బ్యాటింగ్ బాగా చేస్తాడని పీఈటీ సార్ చెప్పారు. కిందటేడు సంఘం తరఫున వాడికి కిట్టు కొనిచ్చి, నగరంలో ఒక కోచింగ్ క్యాంపులో చేర్పించాం. బస్సు ఖర్చు కూడా మనదే. ఏడాదైంది. జిల్లా జట్టు సెలక్షన్‌కు రెండుసార్లు పోయాడు, రెండుసార్లూ పేరు రాలేదు. ఆడిన నాలుగు మ్యాచ్‌లలో చెప్పుకోదగ్గ పరుగులు లేవు. ‘ఇంకెన్నాళ్లు పెడదాం? ఆ డబ్బు ఇంకొకరికి ఇద్దాం’ అని కొందరన్నారు. ‘పాపం, ఇంకొంచెం చూద్దాం’ అని కొందరన్నారు. పేరు చెప్పను. ఇంతమందిలో పేరు తీస్తే వాడి నెత్తిన ఇంకో బరువు పెట్టినట్టే.

నాకు ఈ రెండు మాటల్లోనూ ఒక లోటు కనిపించింది. ఇద్దరూ క్యాలెండర్ చూస్తున్నారు. నేను ముప్పై ఏళ్లుగా పాశమైలారం, బొల్లారం వైపు ఫ్యాక్టరీల్లో మెషీన్ల మధ్య బతికినవాణ్ణి. మా దగ్గర ఒక మెషీన్‌కు సర్వీసింగ్ ఎప్పుడు చేయాలన్నా, దాన్ని మార్చాలా వద్దా అన్నా, ఎప్పుడు కొన్నామని ముందు అడగం. ఎన్ని గంటలు నడిచిందని లాగ్ బుక్కు తెరుస్తాం. మూడేళ్ల కింద కొన్నదే అయినా, రెండేళ్లు టార్పాలిన్ కింద పడి ఉంటే దాని వయసు ఒక ఏడాదే.

అందుకే ఒక ఆదివారం ఆ క్యాంపుకు పోయి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక పక్కన కూర్చున్నాను. మనవాడు నాలుగు గంటలు అక్కడున్నాడు. అందులో ఎక్కువసేపు పెద్ద పిల్లలకు బంతులు వేశాడు, బయటికి పోయిన బంతులు ఏరుకొచ్చాడు. బ్యాట్ పట్టింది పదిహేను నిమిషాలు. ఆ క్యాంపువాళ్లను నేను తప్పుపట్టడం లేదు, అక్కడ పిల్లలు ఎక్కువ, నెట్లు తక్కువ. కానీ మనం వాడికి ఏడాది ఇచ్చామని అనుకుంటున్నామే, ఆ లెక్కన వాడికి నిజంగా అందింది ఎంత?

మన హైదరాబాద్ వాడు, మా వయసువాడు, వి.వి.ఎస్. లక్ష్మణ్ సంగతి ఇక్కడ చెప్పాలి. కోల్‌కతాలో 281 కొట్టాడని అందరికీ గుర్తుంది. దానికి ముందు జరిగింది చాలామందికి గుర్తులేదు. 1996 నవంబర్‌లో అహ్మదాబాద్‌లో దక్షిణాఫ్రికా మీద మొదటి టెస్టు ఆడాడు. రెండో ఇన్నింగ్స్‌లో 51 చేశాడు, మనం గెలిచాం. మొదలు బాగుంది. కానీ మధ్య వరసలో సచిన్, అజహరుద్దీన్, ద్రవిడ్, గంగూలీ ఉన్నారు, ఖాళీ లేదు. ఓపెనర్‌గా పొమ్మన్నారు. అలవాటు లేని చోట కొత్త బంతిని ఎదుర్కోవడం. జట్టులోకి వచ్చాడు, బయటికి పోయాడు, మళ్లీ వచ్చాడు. 1998లో కోల్‌కతాలోనే ఆస్ట్రేలియా మీద 95 కొట్టి, సెంచరీకి ఐదు పరుగుల ముందు అవుటయ్యాడు. మొదటి టెస్టు తర్వాత మూడేళ్లు దాటినా ఒక్క సెంచరీ లేదు.

2000 జనవరిలో సిడ్నీలో, ఓపెనర్‌గానే, 167 కొట్టాడు. ఆ ఇన్నింగ్స్‌లో జట్టు మొత్తం స్కోరు 261. ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటుంది. అంత గొప్ప ఇన్నింగ్స్ ఓపెనర్‌గా ఆడినవాడు, ఆ తర్వాత ‘ఇక నేను ఓపెనింగ్ చేయను, మధ్య వరసలో చోటుంటేనే తీసుకోండి’ అన్నాడు. జట్టులో చోటు పోయినా సరేననుకున్నాడు. ఆ 1999-2000 సీజన్‌లో హైదరాబాద్‌కు రంజీ ఆడి 1415 పరుగులు చేశాడు. ఎనిమిది సెంచరీలు. కర్ణాటక మీద సెమీ ఫైనల్‌లో 353. ఇక సెలెక్టర్లకు తప్పలేదు.

2001 మార్చిలో ఏం జరిగిందో మీకు తెలుసు. వరసగా పదహారు టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా. మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్లు 171కే ఆలౌట్, అందులో లక్ష్మణ్‌వి 59. ఫాలో ఆన్. 274 పరుగుల వెనుకబాటు. అప్పుడు ఆరో స్థానంలో ఆడేవాణ్ణి మూడో స్థానానికి పంపారు. ద్రవిడ్‌తో కలిసి 376 పరుగులు జోడించాడు, నాలుగో రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్టూ పడలేదు. మనం 171 పరుగులతో గెలిచాం. ఆ 281, లక్ష్మణ్‌కు టెస్టుల్లో రెండో సెంచరీ మాత్రమే.

ఈ టెస్టు మొదలైన రోజే, మార్చి 11న, మన పుల్లెల గోపీచంద్ బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. మోకాలికి ఆపరేషన్లు అయి, ఇక ఆట అయిపోయిందని నలుగురూ అనుకున్నవాడు. ఆ వారం మన హైదరాబాద్‌కు ఎంత పండగో!

అయితే లక్ష్మణ్ కథ చెప్పి, ఎవరినైనా ఎంతకాలమైనా పెట్టుకోవచ్చు అనడం సరికాదు. అంతే ఓపిక చూపినా నిలబడని ఆటగాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల పేర్లు మనకు గుర్తుండవు కాబట్టి లెక్కలోకి రారు, అంతే. లక్ష్మణ్ విషయంలో నేను చూసేది మూడేళ్లు ఓర్చుకున్నారన్నది కాదు. ఆ మూడేళ్లలో చాలాభాగం వాడికి తగని చోట గడిచింది. తగిన చోట ఆడిన తర్వాత తేలడానికి ఒక్క సీజన్ పట్టింది.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు సెలవులకు వస్తే అక్కడి ఫుట్‌బాల్ గురించి చెబుతుంటారు. అందులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. ప్రతి ఎత్తుకూ బంతి మొదట వాడి చేతికే వస్తుంది, ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో వాడే తేల్చుకోవాలి. పేటన్ మానింగ్ అనే కుర్రవాణ్ణి 1998లో మొదటి ఏడాదే పూర్తిగా ఆడించారు. 28 బంతులు ఎదుటి జట్టు చేతుల్లో పెట్టాడు. పదహారింటిలో గెలిచింది మూడు. అయినా తీయలేదు. మరుసటి ఏడాది అదే జట్టు పదమూడు గెలిచింది. ఆరన్ రాడ్జర్స్ అనే ఇంకొకణ్ణి 2005లో తీసుకుని, మూడేళ్లు పెద్ద ఆటగాడి వెనుక ఉంచి, 2008లో పగ్గాలిచ్చారు. వాడూ గొప్పవాడే అయ్యాడు. ఒకణ్ణి బావిలో తోసి ఈత నేర్పారు, ఇంకొకణ్ణి గట్టు మీద నిలబెట్టి నేర్పారు. రెండు చోట్లా వాడి పని ఏమిటో వాడికి తెలుసు. మనవాడికి అది కూడా తెలియదు.

మన చేలల్లో తొలకరికి వేసిన పెసర రెండు నెలల్లో చేతికొస్తుంది. అదే తొలకరికి వేసిన కంది పూతకు రావాలంటే చలి మొదలు కావాలి. పెసర కోసే రోజుల్లో కందిని చూసి, పూత లేదని ఎవరూ దున్నేయరు. అట్లాగని ఆకు ముడుచుకుని పురుగు పట్టిన చేనును సంక్రాంతి దాకా ఊరికే చూస్తూ కూర్చోరు కూడా. రోజూ గట్టు మీద తిరిగి చూసేవాడికి తేడా తెలుస్తుంది.

పిల్లవాడిలో ఏం చూడాలి? మా షాప్ ఫ్లోర్‌లో కొత్త కుర్రవాణ్ణి లేత్ మీద పెడితే మొదటి నెల స్క్రాప్ ఎక్కువే వస్తుంది. ఎన్ని పీసులు చెడాయన్నది ఒక లెక్క. దేనివల్ల చెడాయన్నది అసలు లెక్క. నిన్న చెడిన కారణంతోనే ఇవాళా చెడితే ఆలోచించాలి. కొత్త కారణంతో చెడితే పాతది సర్దుకున్నాడన్నమాట. పీఈటీ సార్‌ను అడిగాను. పోయిన ఏడాది మనవాడు లోపలికి వచ్చే బంతికి బౌల్డ్ అయ్యేవాడట. ఈ ఏడాది ఆ బంతిని ఆపుతున్నాడు, స్పిన్నర్‌ను ఎత్తి కొట్టబోయి దొరికిపోతున్నాడు. పరుగుల పట్టికలో ఈ రెండూ ఒకటే, సున్నా.

ఇక రెండో పక్క. ఆ డబ్బు కోసం చూస్తున్నది ఎనిమిదో తరగతి ఆడపిల్ల. 800 మీటర్లు పరుగెత్తుతుంది. మన పిల్లవాడికి ఇచ్చే ప్రతి ఏడాదీ ఆమె దగ్గరి నుంచి తీసుకున్నదే. పైగా ఆమెకు మనం గడువు ఇచ్చినా ఇంట్లోవాళ్లు ఇస్తారో లేదో. పది పాసయితే చాలు, సంబంధాలు చూద్దాం అనే ఇళ్లు ఇప్పటికీ మన చుట్టూ ఉన్నాయి. కాబట్టి ‘పాపం, చూద్దాం’ అని ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ జాలికి ఖరీదు కట్టేది మనం కాదు, ఆ అమ్మాయి.

నా సూచన ఇది. పిల్లవాడికి రెండు సీజన్లు ఇద్దాం. ఇస్తున్నామని వాడికీ, వాళ్ల నాయనకూ ముందే చెబుదాం. లక్ష్మణ్ కూడా డాక్టర్ల ఇంట పుట్టి, చదువు పక్కన పెట్టి క్రికెట్‌లోకి వచ్చినప్పుడు కొన్నేళ్లని గడువు పెట్టుకునే వచ్చాడు. గడువు తెలిసినవాడు ప్రతి మ్యాచ్‌కూ భయపడడు. క్యాంపు మార్చి, ఇరవై ఇన్నింగ్స్ అయినా వాడు ఇష్టపడే నాలుగో స్థానంలో ఆడే ఏర్పాటు చేద్దాం. చదువు మాత్రం ఆగకూడదు, పదో తరగతి పరీక్షల మూడు నెలలు బ్యాట్ మూలకు పెట్టాల్సిందే. ఇరవై ఇన్నింగ్స్ అయ్యాక పుస్తకం తెరిచి చూద్దాం. అప్పటికీ ఒకే బంతికి అవుటవుతుంటే, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నేనే చెబుతాను. ఆ పని ఎవరి మీదా పెట్టను.

అమ్మాయికి ఈ నెల నుంచే వేరే డబ్బు కావాలి. బూట్లు, పాలు, గుడ్లు, ఒక కోచ్. మా బ్యాచ్ తరఫున సగం మేం ఇస్తాం. మిగతా సగానికి పేర్లు రాసుకోవడానికి భోజనాల దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టించాను. ఇన్నింగ్స్ లెక్క రాయడానికి పీఈటీ సార్ ఒప్పుకున్నారు. వచ్చే జూన్‌లో సార్ బదిలీ అయితే ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకా తేలలేదు. హెడ్మాస్టర్ గారు ఇక్కడే ఉన్నారు, అది వారినే అడుగుతున్నాను.